తేలితేనే చేప

…అయినా కంటికి కనబడనిదాన్ని పోయిందని ఎలా అంటాం, కనబడడం మానేసిందని మాత్రమే అనగలం కదా, అనుకుంటూ ఉమాకాంతం గవ్వలపేట రేవు గట్టు మీద నిలబడి నీళ్లలోకి చూస్తున్నాడు. చూడడమే అతని ఉద్యోగం. ఎదురుగా పడవలోంచి కలాసీలు చేపల గంపలెత్తి సముద్రంలో గుమ్మరిస్తున్నారు. గంప ఖాళీ కాగానే పని ఆపి అతని వైపు తిరుగుతారు. అతను నీటి మీదకి ఒకసారి చూస్తాడు. చచ్చిన కవళ్ల చేపలు తెల్లటి పొట్టలు ఆకాశానికి పెట్టి తేలుతూ ఉంటాయి. "తేలినవి" అంటాడు. ఆ మాట పడితేగానీ రెండో గంప లేవదు.

ఏ మాటనైనా అదేపనిగా పలికితే అందులోంచి అర్థం ఇంకిపోయి వట్టి చప్పుడు మిగులుతుందని ఎం.ఏ.లో చదువుకున్నాడు. అప్పుడు నమ్మలేదు. ఈ రేవుకి వచ్చాక మధ్యాహ్నమయ్యేసరికల్లా ఆ చప్పుడు తన నోట్లోంచి వస్తోందో, పక్కన ఎవరైనా అంటున్నారో కూడా తెలియకుండా పోతోంది. సాయంత్రం గదికి వెళ్లి, ఒక్కడే అన్నం వండుకుని, పప్పులో వేసిన టమాటా ముక్క పైకి వస్తే తెలియకుండానే "తేలినది" అంటాడు. అన్నాక భయం వేస్తుంది. ఆ భయాన్ని కాసేపు పరిశీలిస్తాడు. పరిశీలించగా అదీ తేలిపోతుంది.

అతను చదివింది మనస్తత్వ శాస్త్రం. ఉద్యోగ ప్రకటనలో "జీవశాస్త్రాలలో పట్టా" అని ఉంటే, మనసు జీవి లోపలే ఉంటుంది కనుక అర్హుడేనని ఇంటర్వ్యూలో ఒక సభ్యుడు వాదించాడు. మిగతా సభ్యులకు భోజనాల వేళైంది. అలా ఉమాకాంతం తీర మత్స్య సమతౌల్య మండలిలో పరిశీలకుడయ్యాడు.

మండలి పెట్టిన నియమం నిజానికి బుద్ధిగలదే. సముద్రంలో చేప తగ్గిపోతోంది, దొరికిందల్లా తోడేసుకుంటే రేపటికి మిగలదు, కాబట్టి ఒక్కో పడవకి ఇంత అని హద్దు పెట్టుకుందాం, నిల్వ తగ్గితే హద్దు తగ్గిద్దాం, పెరిగితే పెంచుదాం అన్నారు. రేవులో ఎవరూ కాదనలేదు. వేట తగ్గిపోవడం అందరికంటే ముందు తెలిసింది వాళ్లకే. చిక్కల్లా వలతోనే వచ్చింది. ఎంత పడిందన్నది పైకి లాగితేగానీ వలకి తెలియదు. హద్దు దాటిన చేపని ఒడ్డుకి తెస్తే నేరం. మరి ఏం చెయ్యాలి?

అప్పుడే రాజధాని నుంచి ఒక నిపుణుడు వచ్చి రేవులో ఒక పూట తిరిగాడు. గవ్వలపేట జాలర్లకి ఒక ఆనవాయితీ ఉంది. వలలో ముందుగా చేతికొచ్చిన చేపని కళ్లకద్దుకుని, బతికుండగానే గంగమ్మ తల్లికి వదిలేస్తారు. అది చూసి నిపుణుడు పరవశించిపోయాడు. తరతరాల పరిజ్ఞానంలోనే ఆధునిక పాలనకి బీజాలున్నాయని ఆ సాయంత్రం సభలో చాలాసేపు చెప్పాడు. హద్దు దాటిన చేపని సముద్రానికి సజీవంగా తిరిగి ఇవ్వవలెనన్న నియమం అలా పుట్టింది.

"సజీవంగా" అన్న మాట ముసాయిదాలో కొన్నాళ్లు బతికింది. చేపకి ప్రాణం ఉన్నదీ లేనిదీ ఎవరు ధ్రువీకరిస్తారన్న ప్రశ్న వచ్చింది. పశుసంవర్ధక శాఖని అడిగితే చేప పశువు కాదని రాశారు. వైద్య శాఖని అడిగితే చేపకి నాడి చూసే ఏర్పాటు తమ దగ్గర లేదన్నారు. బాధ్యుడు లేని మాట నియమాల్లో ఉండకూడదు కనుక ఆ మాట తీసేశారు. మిగతాదంతా అలాగే ఉంచారు.

ఆ తర్వాత రుజువు సంగతి వచ్చింది. తిరిగి ఇచ్చామని చెప్పి చాటుగా అమ్ముకుంటే? అందుకని, తిరిగి ఇచ్చిన చేప సముద్రంలో ఉండగా పరిశీలకుడు కంటితో చూడాలన్నారు. కంటికి కనబడితే ప్రవేశించినట్టు. కనబడకపోతే గల్లంతు. పరిశీలకుడి మాటే కడపటి మాట.

ఉమాకాంతం అప్పుడే కొత్తగా చేరాడు. మొదటి వారంలోనే అతనికి అర్థమైంది: బతికున్న చేప నీళ్లలో పడగానే తోక విదిలించి పోతోంది, కనబడదు. అది గల్లంతు. చచ్చిన చేప తేలుతోంది, కనబడుతుంది. అది ప్రవేశం. ఈ సంగతి పై అధికారులకి విన్నవించుకున్నాడు. సంచాలకుడు ప్రభంజనరావు గారు శ్రద్ధగా విని, సమస్య నిజమేనన్నారు. అయితే ఆయన గుర్తించిన సమస్య వేరు. అప్పుడే చచ్చిన చేపల్లో చాలా భాగం మునిగిపోతున్నాయి, దానివల్ల ప్రవేశాలు తక్కువగా నమోదవుతున్నాయి. పరిశీలకుడు ఈ విషయం మండలి దృష్టికి తేవడం అభినందనీయం. అప్పట్నుంచి తిరిగి ఇవ్వవలసిన చేపని ముందుగా ఎండలో ఉంచాలని ఉత్తర్వు వచ్చింది. పొట్ట ఉబ్బాక తేలిగ్గా తేలుతుంది. దీన్ని "పూర్వ సన్నద్ధత" అన్నారు. సన్నద్ధమైన చేపల వాసన రేవు దాటి, బజారు దాటి, బస్టాండు దాకా వచ్చింది.

తిరిగి ప్రవేశించిన చేపలన్నిటినీ సముద్రపు నిల్వలో కలపడం న్యాయమే కదా. కలిపారు. నిల్వ పెరిగింది. నిల్వ పెరిగితే హద్దు పెంచాలన్నది మొదటి మాట. కానీ ప్రభంజనరావు గారు తొందరపడే మనిషి కాదు. నిల్వ ఎందుకు పెరిగింది? ప్రవేశాల వల్ల. ప్రవేశాలు ఎందుకు వచ్చాయి? హద్దు తక్కువగా ఉండబట్టి. హద్దు ఇంకా తగ్గిస్తే హద్దు దాటే చేప పెరుగుతుంది, ప్రవేశం పెరుగుతుంది, నిల్వ ఇంకా పెరుగుతుంది. హద్దు తగ్గించారు. నిల్వ పెరిగింది. మళ్లీ తగ్గించారు.

ఈ దశలో మండలికి ఒక కొత్త రకం అపరాధి కనబడ్డాడు. హద్దు ఎంత తగ్గించినా దాన్ని దాటేంత చేప దొరకని పడవవాడు. వాడు తెచ్చింది అమ్ముకుని ఇంటికి పోతున్నాడు, సముద్రానికి ఏమీ ఇవ్వడం లేదు. సముద్రం మీద బతుకుతూ సముద్రానికి ఇవ్వనివాడి గురించి ప్రభంజనరావు గారు చాలా బాధపడ్డారు. అందుకని ప్రతి పడవా వారానికి ఇన్ని గంపలు తిరిగి ఇచ్చి తీరాలని, ఇవ్వనివాడి పర్మిట్టు రద్దు చేసి ఇంజను స్వాధీనం చేసుకోవాలని నిర్ణయించారు. పడవవాళ్లు పక్క జిల్లా రేవుల నుంచి లారీల మీద చేప తెప్పించి, ఎండలో ఉంచి, సముద్రంలో పోస్తున్నారు. చేప మీద బతికే ఊళ్లో కూరకి చేప దొరకడం మానేసింది. గద్దలు ఒళ్లు బరువెక్కి ఎగరలేక దీపస్తంభం మీద కూర్చున్నాయి. నీళ్లు కనబడకుండా చేపలు పరుచుకున్నాయి. ఆ దృశ్యాన్ని పై నుంచి ఫొటో తీయించి, సముద్ర సంపద కంటికి కనబడేంతగా పెరగడం ఈ తీరానికి ఇదే మొదటిసారని మండలి గోడకి వేలాడదీశారు.

ఇదంతా చూస్తూ ఉమాకాంతం తన చూపు గురించే ఆలోచించేవాడు. కన్ను ఉన్నదాన్ని చూడదు, అడిగినదాన్ని చూస్తుంది. తనని తేలినవి చూడమన్నారు కాబట్టి తేలినవే కనబడుతున్నాయి. కిందన ఏదో కదిలినట్టనిపిస్తే రెప్ప వేసేస్తాడు. రెప్ప వేశాక, వేసింది అలసటవల్లా, భయంవల్లా అని తర్కించుకుంటాడు. ఆ తర్కం పూర్తయ్యేసరికి ఇంకో గంప ఖాళీ అయి, కలాసీలు తన నోటి వంక చూస్తూ ఉంటారు. ఉద్యోగానికి అలవాటు పడ్డానన్న సంతృప్తీ, అలవాటు పడ్డానే అన్న జంకూ ఒకే చోట ఉంటాయని అతనికి అనుభవానికి వచ్చింది. ఏది ముందు పైకొస్తుందో మాత్రం పసిగట్టలేకపోయాడు.

మసేను సంగతి వచ్చేదాకా అలాగే గడిచింది.

మసేనుకి ఉన్నది చిన్న ఫైబరు తెప్ప. ఒడ్డుకి దగ్గర్లోనే వేట. అతనూ, బావమరిదీ వెళ్తారు. పట్టిన చేపని నీళ్ల తొట్టిలో వేసుకుని బతికుండగానే తెస్తాడు. బతికున్న చేపకి హోటళ్లవాళ్లు ఎక్కువ ఇస్తారు. తిరిగి ఇవ్వాల్సిన వంతుకి గుడ్లతో ఉన్నవాటినీ, మరీ చిన్నవాటినీ ఏరి, పరిశీలకుడి ఎదురుగానే నీళ్లలో వదులుతాడు. అవి వదిలిన చోటే మాయమవుతాయి. ఉమాకాంతం "కనబడలేదు" అంటాడు. మసేను తలూపి వెళ్లిపోతాడు. ఇలా ఎన్నో వారాలు జరిగాక అతనికి నోటీసు వచ్చింది. సదరు మసేను పలుమార్లు సముద్రంలో చేపలను గల్లంతు చేసి నిల్వకు తీవ్ర నష్టం కలిగించినందున, అతని పర్మిట్టు ఎందుకు రద్దు చేయరాదో శుక్రవారం రేవు గట్టు మీద సంచాలకుల వారి సమక్షంలో చెప్పుకోవలెను.

పర్మిట్టు పోతే ఇంజను పోతుంది. ఇంజను పోతే మసేను వేరే వాళ్ల పడవలో కలాసీగా ఎక్కాలి, లేదంటే గుజరాత్ రేవులకి కూలికి పోవాలి. అతని తమ్ముడు అలాగే పోయాడు. ఏడాదికోసారి వచ్చి, కొడుకు తనని గుర్తుపట్టేలోపు మళ్లీ వెళ్లిపోతాడు.

గురువారం సాయంత్రం ఉమాకాంతం మసేను ఇంటికి వెళ్లాడు. ఎందుకు వెళ్తున్నాడో దారిలో అతనికే తెలియలేదు. జాలి అనుకున్నాడు. జాలి కాదు, తన నోటి మాట మీదే ఆ నోటీసు నిలబడిందన్న సంగతి అనుకున్నాడు. ఇల్లు రావడంతో రెండూ వదిలేశాడు.

మసేను అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తున్నాడు. భార్య బంగారమ్మ కుర్చీ తెచ్చి వేసి, పక్కన నిలబడింది. ఉమాకాంతం నచ్చజెప్పాడు. రేపు విచారణలో ఒక చేపని వదిలి చూపించమంటారు, అదొక్కటి తేలితే చాలు, కేసు కొట్టేయించే వీలుంటుంది. చచ్చినది తెచ్చుకో. కావాలంటే తనే ఎక్కడైనా ఒకటి చూస్తాడు.

"అది నాకూ తెలుసు బాబూ," అన్నాడు మసేను తలెత్తకుండా. "మొన్న ఓ గంప కొన్నాను కూడాని. లారీ కాడికెల్లి ఎత్తుకున్నాను. ఒడ్డుదాకా వచ్చినాక సెయ్యి రానేదు. మీ ఇంటికి సుట్టమొత్తే పాసిపోయిన కూడు ఎడతారేటి? తల్లికి ఎలగ ఎట్టమంటారు?"

"తల్లికి కాదు మసేనూ, మండలికి."

"ఏసేది సముద్రంలోనే గదా."

బంగారమ్మ నవ్వింది. "ఈయన మాట ఇనకండి బాబూ. పెళ్లయిన కాడినించీ ఇంతే, బండ మనిసి. అయినా నాకు తెల్దు, అడుగుతున్నాను. సేప బతికుంటే కేసేటండి? సచ్చినోటికే కాయితం ఇత్తారా మీ ఆఫీసులో?"

ఉమాకాంతం దానికి నియమంలోని భాష వెతుక్కున్నాడు. దొరికింది కానీ, ఆమె ముఖం ఎదురుగా ఉండగా పలకడానికి నోరు రాలేదు. "అవునమ్మా" అన్నాడు.

ఆమె నవ్వు ఆగిపోయింది. మొగుడి వైపు తిరిగింది. "ఇన్నావా? రేపు సచ్చినదే అట్టుకెల్లు. తల్లికి నాను సెప్పుకుంతాను. నీ తమ్ముడి పెళ్లానికి మొగుడున్నాడో లేడో దానికే తెల్దు. నానూ అలగే అవాలా?"

మసేను చేతిలో వల ఆగిపోయింది. సరేలే అన్నాడు.

శుక్రవారం రేవు గట్టు మీద షామియానా వేశారు. ప్రభంజనరావు గారు ముక్కుకి సెంటు రుమాలు పెట్టుకుని కారు దిగారు. సముద్రం వైపు ఒకసారి సగర్వంగా చూసి, కూర్చున్నారు. మసేను తొట్టి మోసుకొచ్చి ముందు పెట్టాడు. తొట్టిలో ఒక పండుగప్ప, కడుపు నిండా గుడ్లతో, కదులుతోంది.

చచ్చినదాన్ని తెద్దామనే తెల్లారగట్ల లారీ దగ్గరికి వెళ్లానని, ఈ రోజు లారీ రాలేదని, ఇది తన వలలో పడిందేనని మసేను చెప్పుకున్నాడు. చంపుదామనుకుంటే ఇది ఎంతకీ చావలేదన్నాడు. అతను అబద్ధం ఆడుతున్నాడని ఉమాకాంతానికి తెలిసింది. ఏది అబద్ధమో మాత్రం తెలియలేదు.

"నువ్వు చంపవలసిన అవసరం లేదు," అన్నారు ప్రభంజనరావు గారు ఎంతో సౌమ్యంగా. "మండలి హింసను ప్రోత్సహించదు. ఏ జీవికైనా సహజ పరిణామం ఒకటి ఉంటుంది. దానికి తగిన వ్యవధి ఇవ్వడం మన బాధ్యత."

వ్యవధి ఇచ్చారు. తొట్టిలో నీళ్లు వంపేయించి, తొట్టిని షామియానా నీడ నుంచి తీయించి, గట్టు చివర ఎండలో పెట్టించారు. చేప మరణించి, సన్నద్ధమై, ప్రవేశించే వరకు విచారణ వాయిదా పడిందని గుమాస్తా చదివాడు. ప్రవేశం పరిశీలకుని సమక్షంలో జరగవలెను. తేలినట్టు పరిశీలకుడు చెప్పిన మీదట మసేను పర్మిట్టు యథాతథంగా కొనసాగును. అందరూ భోజనానికి గెస్టుహౌసుకి వెళ్లారు.

గట్టు మీద ముగ్గురే మిగిలారు. ఉమాకాంతం తొట్టి పక్కన నిలబడ్డాడు. మసేను కొంచెం దూరంలో, తొట్టికి వీపు పెట్టి, మోకాళ్ల మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. బంగారమ్మ తాటాకు గొడుగు కింద నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కూడా ఇటు చూడడం లేదు.

చేప ముందు కొట్టుకుంది. తర్వాత కొట్టుకోవడం మానేసి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. ఉమాకాంతం దాన్ని పరిశీలించసాగాడు. అతనికి వచ్చిన పని అదే. చేప నోరు తెరిచినప్పుడల్లా తన నోరు కూడా తెరుచుకుంటోందని కాసేపటికి గమనించాడు. ఇది అనుకరణ, దీనికో పేరు కూడా ఉంది, అనుకున్నాడు. పేరు గుర్తు చేసుకోబోయాడు. పేరు దొరికితే చేప నుంచి ఒక అడుగు వెనక్కి జరగవచ్చు. దొరకలేదు. చేప కన్ను అతన్నే చూస్తున్నట్టుంది. చేపకి రెప్పలుండవు. చూడకుండా ఉండే వీలు దానికి లేదు.

ఇది చచ్చిపోతే మసేనుకి మేలు, అని మళ్లీ గుర్తు చేసుకున్నాడు. గట్టిగానే గుర్తు చేసుకున్నాడు. ఆ ఆలోచన ఎంత సవ్యంగా ఉందంటే, అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. తన జీవితంలో ఆలోచనలన్నీ ఇలాగే సవ్యంగా ఉంటూ వచ్చాయి. ఎక్కడో నాలుగో ఐదో అడుగుల లోతున వేరే ఏదో కదులుతూ ఉండేది. అప్పుడే రెప్ప వేసేవాడు.

వంగి, తొట్టి అంచు పట్టుకుని ఎత్తాడు. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. గట్టు అంచు మీదుగా ఒరిగించాడు. పండుగప్ప జారి, తేలుతున్న చేపల మధ్య ఉన్న కాస్త సందులో పడింది. ఒక్క క్షణం పక్కకి ఒరిగి ఉండిపోయింది. తర్వాత తోక ఒకసారి కదిలింది. నీళ్లు మళ్లీ కలిసిపోయాయి.

చప్పుడుకి మసేను తిరిగి చూశాడు. ఖాళీ తొట్టి చూశాడు, నీళ్లు చూశాడు.

"ఎల్లిపోనాదేటి బాబూ?"

"వెళ్లిపోయింది."

మసేను ముఖంలో వెలుగులాంటిది వచ్చి, వెంటనే పోయింది. బంగారమ్మ గొడుగు కింద పెట్టేసి దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాడు. ఆమె తిట్టలేదు. "మరి మా పర్మిట్టు?" అని అడిగింది. అంతే. ఉమాకాంతం ఖాళీ తొట్టిని మళ్లీ ఎండలో పెట్టాడు. ముగ్గురూ తలో వైపు చూస్తూ నిలబడ్డారు.

పొద్దు వాలాక కార్లు వచ్చాయి. ప్రభంజనరావు గారు పళ్లు కుట్టుకుంటూ గట్టు చివరిదాకా నడిచారు. గుమాస్తా వెనకాలే వచ్చాడు. తొట్టి ఖాళీగా ఉండడం చూసి సంచాలకుల వారు సంతోషించారు.

"పరిణామం పూర్తయిందా?"

"అయింది సార్."

"ప్రవేశం?"

"నా సమక్షంలోనే జరిగింది సార్."

"తేలిందా?"

గవ్వలపేట రేవు నిండా, కనుచూపు మేర, చేపలు తెల్లటి పొట్టలతో మెల్లగా ఊగుతున్నాయి. ఉమాకాంతం నోరు తెరిచాడు. రోజూ అలవాటైన మాట ఈసారి ఎంతో బరువుగా, అర్థంతో సహా, అడుగున ఉండిపోయింది. దాన్ని పైకి తెచ్చాడు.

"తేలింది సార్."

"ఏదీ?" అన్నారు ప్రభంజనరావు గారు రుమాలు ముక్కుకి పెట్టుకుంటూ, ఎంతో ఆసక్తిగా నీళ్ల మీదకి వంగి.

ఉమాకాంతం కుడి చెయ్యి ఎత్తి, వేలు చాపి, అన్నిటిలోకీ దగ్గరగా ఉన్న చేపని చూపించాడు.